యెషయా నిప్పు, అవ్వ కొరివి

1938 జనవరి 9, ఆదివారం. నిజామాబాద్

తమ్ముడి ప్రసంగం విన్నాను. కావాలనే వెళ్ళి చర్చిలో వెనక బెంచీ మీద కూర్చున్నాను. రాజయ్య కాదట ఇప్పుడు... యోహాను. బైబిల్లో యెషయా ప్రవక్తకు దేవుడి పిలుపు వచ్చిన అధ్యాయం చదివాడు. సింహాసనం, పొగ, రెక్కల దూత పెదవులకు తాకించిన నిప్పు — ఏదీ బయట జరగలేదట. అంతా మనిషి లోపలేనట. కాలిపోయింది 'నేను' అన్నదేనట.

ఆ అధ్యాయం తెలుగులో చదివాను, ఉర్దూలో చదివాను, ఇంగ్లీషులో చదివాను. దూత నిప్పును పటకారుతో పట్టి తెచ్చాడని ఉంది. మనసులో నిప్పుకు పటకారెందుకు? అడిగితే నవ్వాడు.

"అన్నా, నువ్వు పటకారు కాడనే ఆగిపోయినవ్."

బెంచీలన్నీ నవ్వాయి. నా దగ్గర అక్షరాలు దిద్దినవాడు!

జనవరి 10

అవ్వను చూడటానికొచ్చాడు. ఆమె మంచం దిగడం లేదు.

"సిన్నోడా, నా కొరివి నువ్వే పెట్టాలె."

తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు — మా ఇళ్ళల్లో అంతే. బాపుకు నేను పెట్టాను.

వాడు తల వంచుకున్నాడు. "పెట్టలేనవ్వా. పిలుపొచ్చిన్నాడే పాత రాజయ్య సచ్చిపోయిండు."

"సచ్చినోడు అంబలి తాగుతడారా?" అన్నాను. గిన్నె వాడి చేతిలోనే ఉంది.

అవ్వ నవ్వలేదు.

జనవరి 12

అవ్వ జావ ముట్టలేదు.

జనవరి 14

కులపెద్దలొచ్చారు. "చిన్నోడు మతం మారిండు, నువ్వే పెట్టు" అని తీర్పు. లోపల అవ్వకు వినబడింది.

"పెద్దోడా, నువ్వు పెడితే నేను కాలను."

ఇన్నేళ్ళు అన్నం పెట్టింది నేను. నిప్పు మాత్రం వాడిది కావాలి.

జనవరి 17. బోధన్

దారంతా చెరుకు బండ్లు. చేరేసరికి పొద్దు వాలింది. తమ్ముడు ఇక్కడి కూలీలకు వాక్యం చెప్పడానికి వచ్చాడట; వాళ్ళ పాకలో దొరికాడు.

"నీ పిలుపు లోపలి ముచ్చటే కద. బయట ఓ కట్టె అంటిస్తే దానికేమైతది?"

దారి పొడుగునా నూరుకున్న మాట. తగిలింది. చేతిలో బైబిలు మూసి పక్కన పెట్టాడు. ఆ తర్వాత —

"లోపల లేంది చేత్తోని చెయ్యమంటవ్. బాపుకు పెట్టిన్నాడు నువ్వేం నమ్మినవన్నా?"

ఏమీ నమ్మలేదు. నమ్మకం అడిగిందెవరు? పెట్టాలి, పెట్టాను. ఇదే వాడి మొహాన చెప్పాల్సింది. చెప్పకుండా బండెక్కాను. బండి కదిలాక ఇంకా పదునైన జవాబులు తట్టాయి... ఏం లాభం.

జనవరి 18

అవ్వకు ఊపిరి అందడం లేదు. కళ్ళు తెరిచినప్పుడల్లా — "వచ్చిండా?"

"తొవ్వల ఉన్నడు" అన్నాను. దారిలో ఎక్కడున్నాడు, కబురే ఇప్పుడు పంపాను.

జనవరి 19

వచ్చాడు. వాకిట్లో ఒక పక్క కులపెద్దలు, ఒక పక్క చర్చివాళ్ళు. వాడు మంచం పక్కన నేల మీద. అవ్వ చేయి వదలదు.

"పెడుతవా బిడ్డా?"

పెడతానంటే గెలుపు నాది. వాడి పిలుపు ఉత్తదని పదిమందిలో తేలిపోతుంది. పెట్టనంటే అవ్వ ఇట్లాగే పోతుంది. వాడు ఏమనాలని నేను కోరుతున్నానో నాకే —

అవ్వ గొంతులో గురక మొదలైంది. వాకిట్లోవాళ్ళు కట్టెల సంగతి అడుగుతున్నారు. వాడు ఇంకా నోరు విప్పలేదు.