గులాబీ రంగు తిరిగిన జెల్

సెప్టెంబర్ 24, బుధవారం
మా ల్యాబులో పీహెచ్‌డీ చేసే పూనం ఫిల్ము కండక్టివిటీ, అదే కరెంటు మోసే గుణం, వంద రెట్లు పెరిగింది. తీఖుర్ అనే అడవి దుంప పిండి, లిథియం ఉప్పు, కాస్త గ్లిసరిన్ కలిపి అప్పడంలా పల్చగా ఆరబెట్టిన ఫిల్ము అది. బ్యాటరీలో ద్రవం బదులు దాన్ని పెట్టాలని మూడేళ్లుగా పిల్ల కష్టపడుతోంది. ఆమె గైడు ప్రేమ్‌కుమార్ సర్ ల్యాబంతా జిలేబీలు పంచారు. నాకు నవరాత్రి ఉపవాసం. ఇంటికెళ్లి పాలల్లో తీఖుర్ కాచుకుని తాగా. తాగే ముందు ఆ పిండికే దండం పెట్టా.

సెప్టెంబర్ 25, సాయంత్రం 5
తేమ తగలకుండా ఫిల్ములు దాచే గాజు పాత్ర, డెసికేటర్, తెరిచా. అడుగున తేమ పీల్చే సిలికా జెల్ గులాబీ రంగులో ఉంది. పొడిగా ఉంటే నీలంగా ఉండాలి. ప్రతి మంగళవారం దాన్ని ఓవెన్లో వేడిచేసి ఆరబెట్టడం నా పని. మొన్న ఊళ్లో దసరాకి తిప్పే దంతేశ్వరి అమ్మవారి రథం చూడాలని తొందరగా వెళ్లిపోయా.

ముసురుకి అప్పడం మెత్తబడినట్టు ఫిల్ము తేమ తాగింది. ఆ వంద రెట్లూ నీళ్లవే.

సెప్టెంబర్ 26
పూనంతో చెప్పా. ఎవరికీ చెప్పొద్దు మౌసీ అంది, నన్ను పిన్ని వరసతో అలాగే పిలుస్తుంది. ఇద్దరం ఫిల్ము బాగా ఆరబెట్టి మళ్లీ కొలిచాం. పాత అంకెకే దిగింది. పిల్ల సింకు దగ్గర చాలాసేపు చేతులు కడుక్కుంది.

సెప్టెంబర్ 27, శనివారం
ల్యాబు రిజిస్టర్లో రాశా: 23న జెల్ ఆరబెట్టలేదు. తప్పు నాది. జ్ఞానప్రసూన.

సర్ పిలిచారు. పూనం పని చూడ్డానికి సోమవారం కమిటీ వస్తోందట, ఆ పేజీ చింపెయ్యమన్నారు. పూనం పీహెచ్‌డీ పోతుందన్నారు. నా కాంట్రాక్టు డిసెంబరు వరకేనని గుర్తుచేశారు. సీసాలు కడిగే మనిషికి కండక్టివిటీతో పనేందని నవ్వారు.

నా గొంతు ఎప్పుడూ పక్క బల్ల దాటదు. ఇవాళ దాటింది.

"ఉపవాసానికి తినే పిండి సర్ అది. దానితో అబద్ధం చెప్పించను."

సెప్టెంబర్ 28
దీపం పెట్టి ఏడ్చా. పేజీ చింపే బుద్ధి మాత్రం ఇవ్వొద్దు తల్లీ అన్నా.

సెప్టెంబర్ 29, సోమవారం
రిజిస్టర్ తెరిచి ఫిల్ము కొలిచే మిషన్ పక్కన పెట్టా. సర్ మూశారు. మళ్లీ తెరిచా. సర్ దానిమీద తన బ్యాగు పెట్టారు. ఆ బ్యాగు నేను తియ్యలేదు. పూనం తీసింది. నేను తెలుగులో రాసింది కమిటీకి హిందీలో చెప్పింది, అసలు అంకె కూడా చెప్పింది.

కమిటీలో ఒక మేడం, మరి నిజంగా ఎట్లా పెంచుతావని అడిగారు. వాళ్లమ్మ తీఖుర్‌ని ఏడుసార్లు నీళ్లు మార్చి కడుగుతుందని, మేం బజారు పిండి వాడామని పూనం చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ఆర్నెల్లు గడువిచ్చారు.

అక్టోబర్ 17
పూనం వాళ్లమ్మ, పేరు ముయె, పక్క జిల్లా బీజాపూర్ నుంచి బస్సులో పిండి తెచ్చింది. మా బజారు పిండి వేలికి రాసుకుని చూసి, ఇది పశువులకు కూడా పెట్టం అంది. గ్లిసరిన్ పాళ్లు కొద్దిగా పెంచాం. రోజూ జెల్ రంగు చూశాకే కొలిచాం.

పాత అంకెకి మూడు రెట్లు. మూడు రోజులూ అంతే. వంద పక్కన మూడు చిన్నదే. అయినా ఎంత ఆరబెట్టినా దిగదు.

నవంబర్ 3
నన్ను లైబ్రరీకి మార్చారు. సర్ సంతకం. సరే.

నవంబర్ 4, మంగళవారం
పొద్దున్నే ల్యాబు తలుపు అద్దంలోంచి డెసికేటర్ అడుక్కి చూశా. నీలం.