కుప్ప పక్క జొన్న

గోదావరిఖని, 1972

బొగ్గుబాయి కుప్పతోని పంట చెడ్తున్నదా అని జొన్న మొక్కలు కొలిచిన వ్యవసాయాఫీసరు సారుకు, ఆ కుప్ప పక్క చేను ముసలవ్వ చెప్పి రాయిస్తున్నది.

కుప్పకు దగ్గరి చేన్ల జొన్న ఎత్తు సగటు, దూరపు చేన్ల సగటు పక్కపక్కన పెట్టి "పెద్ద తేడా లేదవ్వా" అంటిరి. మళ్లీ మీరే ఒక్కో చేను దూరాన్ని బట్టి గీత గీసి, కుప్పకు దగ్గరైనకొద్దీ జొన్న పొట్టిదైతున్నదని చూపిస్తిరి. మరి పైకి మొదటి లెక్కే ఎందుకు పంపిండ్రు? దగ్గరివన్నీ ఒక్క గంపల పోస్తే, కుప్పనానుకున్న నా చేను గోస ఎవనికి కనబడ్తది?

పైనుంచి జవాబొచ్చింది, నష్టపరిహారం లేదట. ముసలిదానికి సేద్యం చాతకాదట!

రెండో లెక్క కూడా పంపుండ్రి. పరిహారం రాదని ఎరికే, నా మీది నిందన్న పోవాలె.

మళ్లీ కొలవ రాకుండ్రి. నిన్న కుప్ప జారి చేనంతా కప్పింది. ఆ పొట్టి జొన్న కూడా లేదు.