ఎడపల్లిలో దిగని మనిషి

బోధన్, బుధవారం

అవ్వా, శాన్వి క్షేమంగా నా ఒళ్ళోనే ఉంది. ముందు ఆ మాట గుర్తుంచుకొని మిగతాది చదువు. ఫోన్‌లో చెబితే నా గొంతు విని నువ్వు బెదురుతావని కార్డు రాస్తున్నాను.

నిన్న నిజామాబాద్ నుంచి వస్తుంటే బస్సులో కాలు పెట్టే సందు లేదు. కూర్చున్న ఒక పెద్దమ్మ ఒళ్ళో పిల్లను పెట్టి నిలబడ్డాను. జానకంపేటలో దిగేవాళ్ళకు దారి ఇద్దామని కిందికి దిగాను, మళ్ళీ ఎక్కేలోపే బస్సు కదిలిపోయింది. ఆటోలో వెంటపడ్డాను. బోధన్ చేరేదాకా నా ప్రాణం నాలో లేదు.

బస్టాండులో ఆ పెద్దమ్మ తన అన్నం డబ్బా విప్పి పిల్లకు ముద్దలు పెడుతోంది. కండక్టర్ అడిగినా పిల్లను ఇవ్వలేదట.

"నేను ఎడపల్లిల దిగేదాన్నే. గాడ దిగితె నువ్వు పిల్లను ఏడ దేవులాడుతవు బిడ్డా" అంది.

నేను ఏడుపు ఆపుకునేలోపే తిరుగు బస్సు ఎక్కింది. పేరైనా అడగలేదు. పిల్ల మూతి తుడిస్తే నెయ్యి, వెల్లుల్లి కారం వాసన. బాలింతకు తీసుకుపోతున్న అన్నమది.

బాపు మోకాలు ఎట్లుంది? ఈ సంగతి ఆయనకు చెప్పకు. మన ఊళ్ళో కొత్తగా కాన్పయిన ఇల్లు ఏదో కనుక్కొని, కార్డు అందిన పూటే అన్నం వండి తీసుకుపో. ఆ బాలింత తినాల్సిన ముద్ద మన శాన్వి తిన్నది.

మీ ఇద్దరికీ దండాలు.
నిరోష