సర్వర్‌కు పట్టిన పురుగు

బులవాయో

సితెంబిలే అత్తయ్యకు, ముసా దండాలు పెట్టి రాసేది.

నా ఉద్యోగం ఊగుతోంది. మా విత్తనాల కంపెనీ వెబ్‌సైట్ ఉండే సర్వర్‌కి పురుగు పట్టింది. సోమవారానికల్లా పోగొట్టకపోతే నన్నే పోగొడతానంది మేనేజరు మపోసా మేడమ్. విరుగుడు ఉంది గానీ, మా ముసలి మిషన్‌కి అది ఎక్కదు. కొత్తది అడిగితే, పాతది చచ్చాక చూద్దామంటుంది హెడ్డాఫీసు.

నీ ముసా

తా.క.: కళ్ళు మూసుకుంటే ఆ మిషన్ చప్పుడు, మన మొపానే చెట్ల మీద, మనం ఏరుకొచ్చి వండుకు తినే పురుగులు ఆకు నమిలే చప్పుడులాగే ఉంటుంది. చిన్నప్పుడు దాన్నే వాననుకునేవాణ్ణి.

---

నా బంగారు ముసాకు,

పురుగు పడితే ఏడుస్తావేంట్రా, పిచ్చి సన్నాసీ! ఇక్కడ వానల్లేక చెట్లన్నీ బోసిగా ఉన్నాయి. పొద్దున్నే బకెట్ పట్టుకెళ్ళి, చెట్టు కింద చెవి ఒగ్గి కూర్చుని, అలాగే కునుకు తీస్తున్నాను. కలలో మాత్రం బకెట్ నిండుతోంది. ఆ సర్వర్ చెట్టు ఎంతెత్తు?

మీ అత్త

తా.క.: ఆ పురుగులు ముళ్ళవా, నున్నవా?

---

అత్తయ్యా,

ఇది తినే పురుగు కాదు. కంటికి కనబడదు. గడియ లేని సర్వర్‌లో దూరి, తనలాంటివి వేలకు వేలు పుట్టించి, పక్క సర్వర్లకి పాకుతుంది. ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది.

ముసా

---

నా తండ్రే,

వేలకు వేలా! ఎవరికీ చెప్పలేదు, చర్చి ఆడవాళ్ళకి తప్ప. సోమవారం బస్సుకి అందరం వస్తున్నాం. ఏరగానే ఉప్పునీళ్ళలో ఉడికించాలి, లేకపోతే కుళ్ళిపోతాయి. ఉప్పు నేనే తెస్తున్నా.

మీ అత్త

తా.క.: కనబడవన్నావుగా, కళ్ళజోడు పెట్టుకొస్తా.

---

అత్తయ్యకు, ముసా వెయ్యి దండాలు.

నేను మేడమ్ దగ్గర తిట్లు తింటుంటే, మీరు పాటలు పాడుకుంటూ ఆ గదిలోకి దూరి, బకెట్టెడు ఉప్పునీళ్ళు సర్వర్ మీద కుమ్మరించారు. పొగ లేచింది. "చప్పుడు ఆగింది, ఉడికినట్టున్నాయి" అని నువ్వంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మీరు బస్సెక్కాక కూడా మేడమ్ ఆ పొగ వంకే చూస్తూ నిలబడింది. ఆ తర్వాత ఫోనెత్తి, "పాతది చచ్చిందండీ" అంది హెడ్డాఫీసుతో. కొత్త మిషన్ నిన్న దిగింది. విరుగుడూ ఎక్కింది, గడియా పడింది. నా ఉద్యోగం నిలిచింది. నీ మీద కోపం తెచ్చుకుందామంటే ఏడుపొస్తోంది, ప్రేమతో.

నీ ముసా

తా.క.: ఎలా చచ్చిందని అడిగారట. "పురుగు పట్టి" అందట మేడమ్. కొత్త మిషన్ చప్పుడే చెయ్యదు. అందుకే కిటికీ తెరిచాను, బయట నిజం వాన. అక్కడా పడి చెట్లు చిగురిస్తే నాకో బకెట్ పురుగులు దాచు. మేడమ్ తనకు రెండంది.