కడిగి పంపిన గడ్డి

అన్నయ్యకు, చెల్లెలు పళ్ళు కొరుకుతూ రాస్తున్న కార్డు. నేను క్షేమమే.

మన కుప్ప అడుగున కుళ్ళిన గడ్డి పంపమన్నాను కదా? ల్యాబులో బస్తా విప్పితే తళతళలాడే ఎండుగడ్డి, పైన నీ చీటీ: "ఆఫీసర్ల ముందు నీ పరువు పోకూడదని మీ వదినా నేనూ మూడు నీళ్ళు పోసి కడిగాం." మా పెద్దసారు అందరి ముందూ "మీవాళ్ళు ఇస్త్రీ చేయించడం మరిచిపోయారేమ్మా?" అన్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నాకు కావలసింది గడ్డి కాదు, ఆ కుళ్ళులో బతికే బాక్టీరియా. సబ్బుపొడిలో కలిపే ఎంజైమును తయారుచేసేది అదే. పోయినసారి నేను తెచ్చుకున్న గుప్పెడులో దొరికినంత గట్టిది ఇంకెక్కడా దొరకలేదు. ఫ్రిజ్ చెడిపోయి అది కాస్తా చచ్చింది. నెలాఖరుకు మళ్ళీ పెంచకపోతే నా పని ఇంకొకరికి ఇస్తారట. మూడేళ్ళ చాకిరీ మీ కడుగునీళ్ళతో పోయింది!

కుప్ప ఉందా, అదీ ఊడ్చేశారా? అమ్మ మోకాలు ఎలా ఉంది? నల్లగా, కంపుకొడుతున్నదే, తడి ఆరకముందే మూటకట్టి పంపు. వదినను చీపురు ముట్టుకోవద్దను. నా పరువు ఆ మురికిలోనే ఉంది.

అమ్మకు నమస్కారాలు. మీ ఇద్దరికీ మాత్రం, బస్తా కంపుకొట్టిన రోజున దండం పెడతాను.