స్టీరింగ్ వణుకు సంగతి తేలేదాకా తాళం ఇవ్వను

అన్నయ్యా,

కారు తాళం కోసం ఇల్లంతా వెతక్కు. నా బడి సంచిలో ఉంది. అమ్మను కంటి డాక్టరు దగ్గరికి ఈ రోజు బస్సులో తీసుకెళ్లు.

స్టీరింగ్ వణికినప్పుడల్లా చక్రాలదే తప్పంటావు. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించావు, ముందు టైర్లు వెనక్కి మార్చావు. తగ్గిందా? చక్రాల తప్పయితే యాక్సిలరేటర్ వదిలినా అదే వేగంలో వణకాలి కదా! మొన్న పిన్ని వాళ్లింటికి వెళ్తూ గమనించాను. నువ్వు తొక్కితే వణుకుతోంది, కాలు తీస్తే ఆగిపోతోంది. అదే చెప్పబోతే "సైకిలే సరిగ్గా తొక్కలేవు, నువ్వూ మెకానిక్కువేనా?" అన్నావు. అందరూ నవ్వారు. నేను నోరు మూసుకున్నాను గానీ కళ్లు మూసుకోలేదు.

పొద్దున్నే కారు కిందికి దూరి చూశాను. ఎడమ ముందు చక్రం వెనకాల అంతా గ్రీజు చిమ్మి ఉంది. ఇంజన్ నుంచి చక్రానికి వెళ్లే యాక్సిల్ జాయింట్ మీది రబ్బరు తొడుగు చిరిగిపోయింది. గ్రీజు లేక జాయింట్ అరిగిపోయి ఉంటుంది. పెద్ద రోడ్డు మీద అది విరిగితే ఏం చేస్తావు? పక్కన అమ్మ ఉంటుంది. నా మాట నమ్మకపోతే నువ్వే వంగి చూసుకో, ఆ తెల్ల చొక్కా విప్పి మరీ.

మెకానిక్ బాబాయికి నేనే ఫోన్ చేశాను. నేను బడి నుంచి వచ్చే వేళకి వస్తానన్నాడు. ఆయన జాయింట్ చూశాకే తాళం ఇస్తాను. తిట్టుకుంటే తిట్టుకో.

చెల్లి

అన్నట్టు, నాన్న అడిగితే తాళం చెల్లే తీసుకెళ్లిందని చెప్పు. ఎప్పటిలా నా తప్పు నీ మీద వేసుకోకు. ఇది తప్పు కాదు.