చెయ్యెత్తిన తర్వాత

ఆదోని, ఆదివారం

పత్తి మిల్లు షెడ్డులో పదును లేని పాతకాలపు యూరప్ పొడుగుకత్తులతో మేం ఆడే ఆట సాధనకు ఇదే ఆఖరి రోజు. రేపటి నుంచి అక్కడ పత్తి దింపుతారు. మా ఆటలో దెబ్బ తిన్నవాడే చెయ్యెత్తి ఒప్పుకోవాలి. నాతో తలపడిన వీరేశు ఎత్తాడు. నేను చూశాను. చూసి కూడా మళ్లీ మళ్లీ కొట్టాను. అతని ముసుగుకున్న ఇనుప జాలి సొట్టపోయింది. అతని మెడ కింది ఎముక విరిగిన చప్పుడు విన్నాకే ఆగాను.

ఆసుపత్రిలో కట్టు కడుతుంటే అన్నాడు: "వదిన పోయినప్పట్నుంచి నీ సెయ్యి బరువైందన్నా. నన్నంటే కొట్నావు, కొత్తోళ్లను కొట్టాకు. ఇంట్లో బండి మీంచి పడినానని సెప్పినాలే."

నా భార్య లలిత చనిపోయాక ప్రతి ఆదివారం అతని చేత నాకు జొన్నరొట్టెలు పంపుతున్నది అతని భార్య గౌరి. ఈ రోజు పంపినవి ఇంకా విప్పలేదు.

రేపు పొద్దున్నే ఎమ్మిగనూరులో వాళ్లింటికి వెళ్లి, కొట్టింది నేనేనని గౌరికి చెబుతాను.